క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్ దారి మధ్యలో మొరాయించకుండా చూసుకోవడం ఎలా

రెండేళ్ల కిందట మార్చిలో, పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి మా వ్యాన్‌లో వెళ్లాం. దాదాపు తొమ్మిది గంటల డ్రైవ్. వెనక ఫ్రిజ్‌లో మూడు రోజులకు సరిపడా ఇడ్లీ పిండి, రెండు డబ్బాల పెరుగు, పిల్లలకు పాలు, ఒక మూలన అమ్మ ఇన్సులిన్ పెన్నులు. అమ్మ తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెలయింది. రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి పడుకునేటప్పుడు ఫ్రిజ్ గుయ్‌మంటూ నడుస్తూనే ఉంది. తెల్లారకముందే అమ్మ లేపింది.

"ఒరేయ్ నాన్నా, పిండి పొంగి మూత లేచిపోయిందిరా. ఈ పెట్టె చల్లగా లేదు, ఒక్కసారి చూడు."

లోపల థర్మామీటర్ 61 డిగ్రీలు చూపిస్తోంది. బ్యాటరీ చూస్తే ఇంకా 60 శాతం చార్జ్ ఉంది. ఉత్తరం వైపు దగ్గరి ఊరు మారథాన్, పార్కు హెడ్‌క్వార్టర్స్ నుంచే 70 మైళ్లు. ముందు ఫార్మసీకి ఫోన్ చేసి ఇన్సులిన్ సంగతి అడిగాం. మందు పాడవలేదు గానీ, ఆ గంట దాకా పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఫ్రిజ్ చెడిపోయిందనే అనుకున్నాను. అదే ఫ్రిజ్ ఈరోజుకీ మా వ్యాన్‌లో నడుస్తోంది. లోపం బ్యాటరీకీ ఫ్రిజ్‌కీ మధ్య వేసిన సన్నటి వైరులో ఉంది. వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగిందంటే ముందు అనుమానించాల్సింది ఫ్రిజ్‌ని కాదు, దానికి కరెంటు చేరే దారిని. కింద రాసిన పనుల్లో సగం ఆ దారిని సరిచేసుకోవడం గురించే. డిగ్రీలు ఇక్కడి వాడుక ప్రకారం ఫారన్‌హీట్‌లోనే రాస్తున్నాను.

మీ ఫ్రిజ్ ఏ రకమో ముందు చూసుకోండి

వ్యాన్లలో కనిపించేవి మూడు రకాలు. మొదటిది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. ఇంట్లో ఫ్రిజ్‌లాగే కాసేపు గుయ్‌మని నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఈమధ్య తయారయ్యే వ్యాన్లలో ఎక్కువ ఇవే. రెండోది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. గ్యాస్, 120 వోల్టులు, 12 వోల్టులు, మూడింటితోనూ నడిచేవి కూడా వీటిలో ఉన్నాయి. చప్పుడు చేయదు, పాత ఆర్వీల్లో (ఇంటి సౌకర్యాలున్న పెద్ద బండ్లలో) ఎక్కువ. దీని సంగతి చివర్లో విడిగా చెప్తాను.

మూడోది కార్లో సీటు పక్కన పెట్టుకునే థర్మోఎలక్ట్రిక్ కూలర్. అది బయటి వేడి కంటే ఓ 35, 40 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. అరిజోనా ఎండలో బయట 105 ఉంటే లోపల 65 దాటి దిగదు. కూల్‌డ్రింకులకు సరే గానీ, దాన్ని నమ్మి పాలు, మాంసం, మందులు పెట్టొద్దు.

రోజుకు ఎంత కరెంటు తాగుతుందో లెక్క వేయండి

కంప్రెసర్ నడుస్తున్నప్పుడు చిన్న ఫ్రిజ్ సుమారు 4 నుంచి 5 ఆంపులు లాగుతుంది. కానీ రోజంతా నడవదు. చల్లటి వాతావరణంలో మూడోవంతు సమయం నడిస్తే, వేసవిలో ఎండలో నిలిపిన వ్యాన్‌లో మూడింట రెండొంతులు నడవొచ్చు. 4 ఆంపులు, 24 గంటలు, అందులో 40 శాతం అనుకుంటే రోజుకు 38 ఆంప్ అవర్లు. అదే 70 శాతం నడిస్తే 67. ఒకే ఫ్రిజ్‌కి అక్టోబర్‌లో సరిపోయిన బ్యాటరీ జూలైలో ఎందుకు చాలడం లేదో ఈ లెక్కలోనే ఉంది.

100 ఆంప్ అవర్ల లెడ్ యాసిడ్ లేదా ఏజీఎం (లెడ్ యాసిడ్‌లోనే సీలు వేసిన రకం) బ్యాటరీలో నిశ్చింతగా వాడుకోగలిగేది సగమే. అంతకంటే కిందికి తరచూ దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు మొత్తం వాడుకోవచ్చు. ధర ఎక్కువే, అయినా ఫ్రిజ్ కోసం డబ్బు పెట్టాలంటే ముందు దీనికే పెట్టమంటాను.

బ్యాటరీలో ఎంత మిగిలిందో వోల్టేజీ చూసి అంచనా కట్టడం ఏజీఎంకి కొంతవరకు నడుస్తుంది. లిథియంకి నడవదు. అది చార్జ్ బాగా ఉన్నప్పుడూ, మూడోవంతుకి పడిపోయినప్పుడూ ఇంచుమించు ఒకే వోల్టేజీ చూపిస్తుంది. అందుకని షంట్ (కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టించుకోండి. వచ్చే ఆంపులు, పోయే ఆంపులు అది లెక్కపెడుతూ ఉంటుంది. ఇంటి దగ్గరే ఒక రోజు ఫ్రిజ్ తప్ప మిగతావన్నీ ఆపేసి దాన్ని చూస్తే మీ ఫ్రిజ్ అసలు ఖర్చు ఎంతో తెలుస్తుంది. కంపెనీ కాగితం మీద రాసిన అంకె కంటే అది నమ్మదగ్గది.

ఇంకొక మాట. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీద రాత్రంతా ఫ్రిజ్ నడపొద్దు. పొద్దున్నే ఫ్రిజ్‌తోపాటు బండి కూడా కదలకుండా కూర్చుంటుంది.

ఫ్రిజ్ దగ్గర వోల్టేజీ కొలవండి

ఈ గైడ్‌లో ఒక్క పనే చేయదలచుకుంటే ఇది చేయండి. ఇరవై డాలర్ల మల్టీమీటర్ చాలు.

ఇంజిన్ ఆపండి. షోర్ పవర్ (బయటి ప్లగ్ నుంచి వచ్చే కరెంటు) తీసేయండి. సోలార్ ప్యానెల్ ఉంటే దాని స్విచ్ కూడా ఆపండి, లేదంటే చీకటి పడ్డాక కొలవండి. ఇప్పుడు ఫ్రిజ్ ఒక్క బ్యాటరీ మీదే ఉంది. థర్మోస్టాట్‌ని బాగా చల్లటి వైపు తిప్పి కంప్రెసర్ మొదలయ్యేలా చేయండి. రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి.

కంప్రెసర్ నడుస్తూ ఉండగానే మీటర్ మొనలు బ్యాటరీ ప్లస్, మైనస్ బొడిపెల మీద ఆనించి ఒక అంకె రాసుకోండి. తర్వాత ఫ్రిజ్ వెనక, వైర్లు ఫ్రిజ్‌లోకి వెళ్లే టెర్మినల్స్ మీద ఆనించి రెండో అంకె రాసుకోండి. రెండింటి తేడాయే దారిలో పోతున్న వోల్టేజీ.

కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. కుళాయి కట్టేసి ఉంటే సన్నటి పైపులోనూ, లావు పైపులోనూ ఒత్తిడి ఒకేలా ఉంటుంది. తిప్పాకే ఎందులోంచి ధార వస్తుందో, ఎందులోంచి చుక్కలు పడతాయో తేలుతుంది. వైరు కూడా అంతే. నేను ఆరోజు పొద్దున చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. ఆగిపోయిన ఫ్రిజ్ ప్లగ్ దగ్గర కొలిచి, 12.3 రాగానే కరెంటు బాగానే ఉందని తేల్చేసుకున్నాను. ఇంటికొచ్చాక బ్యాటరీ అదే స్థాయికి వచ్చేదాకా ఆగి, నడుస్తుండగా కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.3 ఉంది, ఫ్రిజ్ దగ్గర 11.0 ఉంది. 1.3 వోల్టులు దారిలోనే ఆవిరైపోతున్నాయి.

ఆ 1.3 ఎక్కడికి పోయిందో విప్పి చూశాం. వ్యాన్ మార్పులు చేసినవాళ్లు ఫ్రిజ్‌కి 16 గేజ్ వైరు వేశారు, 18 అడుగులు. మన వేలికి చుట్టుకునేంత సన్నం. దాని చివర సిగరెట్ లైటర్ సాకెట్. ఆ ప్లగ్ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. మొనలో ఉండే స్ప్రింగు తీసి చూస్తే ఒకవైపు నల్లగా మాడిన మచ్చ. ఎక్కడ వేడి పుడితే అక్కడ కరెంటు పోతున్నట్టు. కాబట్టి మీటర్ లేకపోయినా ఫ్రిజ్ పావుగంట నడిచాక ప్లగ్‌నీ, ఫ్యూజ్ హోల్డర్‌నీ చేత్తో తాకి చూడండి. వెచ్చగా తగిలిందంటే అక్కడ పని ఉంది.

తేడా 0.3 వోల్టుల లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 0.3 నుంచి 0.5 మధ్య ఉంటే కనెక్షన్లన్నీ విప్పి, శుభ్రం చేసి, గట్టిగా బిగించండి. 0.5 దాటితే వైరు మార్చాల్సిందే. మైనస్ వైపు కూడా మరచిపోవద్దు. ఫ్రిజ్ మైనస్‌ని వ్యాన్ బాడీకి తగిలించి వదిలేస్తుంటారు. ఆ బోల్టు కింద తుప్పు పడితే ప్లస్ వైరు ఎంత లావుదైనా ఉపయోగం లేదు.

వైరు మార్చేటప్పుడు

వ్యాన్ ఫ్రిజ్‌లలో బాగా పేరున్న కంప్రెసర్ డాన్‌ఫాస్ బీడీ35. ఆ వ్యాపారం తర్వాత సెకాప్ అయింది. దాని కాగితాల్లో 12 వోల్టులకు ఇచ్చిన పట్టిక భలే సులువు. వైరు 4 చదరపు మిల్లీమీటర్ల మందమైతే 4 మీటర్ల దాకా, 6 అయితే 6 మీటర్ల దాకా, 10 అయితే 10 మీటర్ల దాకా. అంటే ఎన్ని మీటర్ల దూరమో అంత మందం. అమెరికా గేజ్ లెక్కలో చెప్పాలంటే 12 గేజ్ పది అడుగులకు, 10 గేజ్ పదిహేడు అడుగులకు, 8 గేజ్ ఇరవై ఏడు అడుగులకు సరిపోతాయి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. దూరం అంటే గోడల వెంట వైరు తిరిగే దూరం, గీత గీసినట్టు తిన్నగా కొలిచింది కాదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ప్లస్ వైరుకి 15 ఆంపుల ఫ్యూజ్, బ్యాటరీ బొడిపెకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజ్ ఫ్రిజ్‌ని కాపాడడానికి అనుకుంటారు గానీ, నిజానికి అది వైరు అంటుకోకుండా కాపాడేది. ఫ్రిజ్ పక్కన పెడితే మధ్యలో ఉన్న వైరంతా కాపలా లేకుండా మిగిలిపోతుంది. కొసలకు తగరం పూసిన రాగి లగ్గులు (వైరు కొసకు బిగించే తొడుగులు) వేసి సరైన క్రింపర్‌తో నొక్కండి, లాగి చూడండి. ఊడకూడదు. పట్టుకారుతో నొక్కిన లగ్గులు గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వదులవుతాయి. లైటర్ సాకెట్ వద్దు. అది సిగరెట్ వెలిగించుకోవడానికి పుట్టింది, రోజుల తరబడి కరెంటు మోయడానికి కాదు. ఫ్రిజ్ తీసి పెట్టుకునే రకమైతే ఆండర్సన్ కనెక్టర్ వేయండి, గట్టిగా పట్టుకుంటుంది. ఎలక్ట్రికల్ పని అలవాటు లేనివాళ్లు దీన్ని తెలిసినవాళ్లతోనే చేయించండి, పక్కన నిలబడి పైన చెప్పినవి అడిగి చేయించుకోండి.

మేం 8 గేజ్ వైరు వేసి నేరుగా ఫ్యూజ్ బాక్స్ నుంచి తెచ్చాక తేడా 1.3 నుంచి 0.15కి దిగింది. ఫ్రిజ్ అదే, బ్యాటరీ అదే.

కటాఫ్ సెట్టింగ్ చూసుకోండి

బ్యాటరీ పూర్తిగా ఇంకిపోకుండా దాదాపు ప్రతి కంప్రెసర్ ఫ్రిజ్‌లోనూ ఒక కాపలా ఉంటుంది. వోల్టేజీ ఒక స్థాయికి పడితే ఫ్రిజ్ ఆగిపోతుంది. చాలావాటిలో హై, మీడియం, లో అని మూడు మెట్లు ఉంటాయి. మాది హైలో ఉంది. ఆ మోడల్‌లో హై అంటే 11.1 దగ్గర ఆగి, 12.4 వస్తే తప్ప మళ్లీ మొదలవదు. వైరులో 1.3 పోతుండటంతో ఫ్రిజ్‌కి కనిపించింది 11.0. బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోయింది. ఆగాక 12.3కి తేరుకుంది గానీ, 12.4 రాలేదు. అందుకే రాత్రంతా మళ్లీ లేవలేదు.

ఫ్రిజ్ స్టార్టింగ్ బ్యాటరీ మీద ఉంటే హై. విడిగా హౌస్ బ్యాటరీ (ఇంజిన్‌కి కాక ఫ్రిజ్, లైట్ల లాంటివాటికి వాడేది) ఉంటే మీడియం గానీ, లో గానీ. మీ మోడల్‌కి ఏ మెట్టు ఎన్ని వోల్టులో దాని పుస్తకంలో చూసి, ఫ్రిజ్ తలుపు లోపల చిన్న చీటీ మీద రాసి అంటించుకోండి. అర్ధరాత్రి సిగ్నల్ లేని చోట అది పనికొస్తుంది.

తిరిగి నింపుకునే దారి

రోజుకు 50 ఆంప్ అవర్లు పోతుంటే రోజుకు అంతా తిరిగి రావాలి. డ్రైవింగ్‌లో నింపుకోవాలంటే డీసీ టు డీసీ చార్జర్ పెట్టించండి, అది ఇంజిన్ వైపు కరెంటుని సరైన వోల్టేజీకి మార్చి హౌస్ బ్యాటరీకి ఇస్తుంది. ఇప్పటి వ్యాన్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) మైలేజీ కోసం వోల్టేజీ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. నేరుగా కలిపితే హౌస్ బ్యాటరీ ఎప్పటికీ నిండదు. 30 ఆంపుల చార్జర్ రెండు గంటల డ్రైవ్‌లో 60 ఆంప్ అవర్లదాకా ఇస్తుంది, ఒక రోజు ఫ్రిజ్ ఖర్చు దాంతో తీరినట్టే.

పైకప్పు మీద 200 వాట్ల సోలార్ వేసవిలో మంచి ఎండ రోజున 50 ఆంప్ అవర్ల చుట్టుపక్కల తెస్తుంది. చలికాలంలో, చెట్ల కింద అందులో సగం కూడా రాదు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎండలో నిలిపితే ప్యానెల్ బాగా పనిచేస్తుంది గానీ వ్యాన్ ఉడికి ఫ్రిజ్ ఎక్కువ తాగుతుంది. నీడలో నిలిపితే ఫ్రిజ్‌కి హాయి, ప్యానెల్‌కి పని లేదు. ఒకేచోట రెండు రోజులు ఉండేవాళ్లకు నేను చెప్పేది, మడిచే ప్యానెల్ ఒకటి కొనుక్కుని వ్యాన్‌ని నీడలో, ప్యానెల్‌ని ఎండలో పెట్టమని.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు చలి సంగతి గుర్తుంచుకోవాలి. 32 డిగ్రీల కింద అది చార్జ్ తీసుకోకూడదు, చాలావాటిలో లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఆపేస్తుంది. అక్టోబర్ చివర్లో బ్రైస్ కేన్యన్ లాంటి ఎత్తయిన చోట్ల పొద్దున్నే బండి తీస్తే మానిటర్‌లో చార్జ్ సున్నా కనిపించొచ్చు. చెడిపోవడం కాదు అది. వ్యాన్ లోపల వెచ్చబడ్డాక దానంతటదే మొదలవుతుంది. బ్యాటరీ వ్యాన్ లోపలే ఉండేలా చూసుకుంటే చాలావరకు ఈ ఇబ్బంది రాదు.

వేడి బయటికి పోనివ్వండి

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని తీసి వెనకవైపు పారబోస్తుంది. ఆ వేడి పోవడానికి దారి లేకపోతే అదే వేడిగాలిలోకి ఇంకా వేడి పారబోయడానికి తంటాలు పడుతుంది. వ్యాన్‌లో స్థలం మిగులుతుందని ఫ్రిజ్‌ని చెక్కపెట్టెలో బిగించేస్తారు. చూడటానికి అందంగా ఉంటుంది గానీ, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ ఉంటుంది.

మధ్యాహ్నం మూడింటికి ఫ్రిజ్ వెనక సందులో ఒక థర్మామీటర్ గంటసేపు పెట్టండి. వ్యాన్ లోపలి వేడి కంటే అక్కడ 15 డిగ్రీలు ఎక్కువ ఉంటే గాలి ఆడటం లేదని నా కొండగుర్తు. కింద చల్లగాలి వచ్చే కన్నం, పైన వేడిగాలి పోయే కన్నం ఉండాలి. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి పై కన్నం దగ్గర పెడితే అది తినేది చాలా తక్కువ, ఫ్రిజ్‌కి మిగిల్చేది చాలా ఎక్కువ. మట్టిరోడ్ల మీద తిరిగాక ఫ్రిజ్ వెనక వేడి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య సన్నటి దుమ్ము పేరుకుంటుంది. యూటాలో వారం తిరిగొచ్చి చూస్తే మా ఫ్రిజ్ రెక్కలు ఎర్రటి మట్టితో పూడుకుపోయాయి. మెత్తటి బ్రష్‌తో తుడిచి గాలి కొట్టండి.

వ్యాన్ నిలిపేటప్పుడు ఫ్రిజ్ ఉన్న వైపు సాయంత్రం ఎండ తగలకుండా చూసుకోండి. ఇది పైసా ఖర్చు లేని పని.

సర్దడం

బయల్దేరడానికి ముందురోజే ఇంటి కరెంటుకి తగిలించి ఫ్రిజ్‌ని చల్లబరచండి. పెట్టేవన్నీ ఇంటి ఫ్రిజ్‌లో చల్లారినవే పెట్టండి. వేడి పప్పు గిన్నె ఒకటి లోపల పెడితే దాన్ని చల్లార్చడానికే చిన్న ఫ్రిజ్‌కి గంటలు పడుతుంది, ఈలోగా పక్కనున్న పాలు వేడెక్కుతాయి. మూడింట రెండొంతులు నింపి, గాలి తిరగడానికి సందులు వదలండి. ఖాళీ మిగిలితే గడ్డకట్టిన నీళ్ల సీసాలు పెట్టండి. ఫ్రిజ్ ఆగినా కొన్ని గంటలు అవే కాపాడతాయి, కరిగాక తాగొచ్చు.

ఇడ్లీ పిండి ఇంట్లో పూర్తిగా పులియనివ్వకండి. రుబ్బిన కాసేపటికే ఫ్రిజ్‌లో పెట్టేసి, వెడల్పాటి డబ్బాల్లో మూడోవంతు ఖాళీ ఉంచి సర్దండి. లోతు గిన్నెలో మధ్యభాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, అక్కడే పొంగుతుంది. పెరుగు తోడుకున్నాకే లోపలికి. ఆవకాయ, పొడులు, నెయ్యి, టమాటాలు, ఉల్లిపాయలు బయటే బాగుంటాయి, వాటికి ఫ్రిజ్‌లో చోటు దండగ.

ఇన్సులిన్ తెరవనిది 36 నుంచి 46 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే ఇక పనికిరాదు, కరిగాక వాడినా ప్రమాదమే. కంప్రెసర్ ఫ్రిజ్‌లో వెనక చల్లటి పలక దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటుంది. అందుకని పెన్నుల్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దానికి తువ్వాలు చుట్టి, పలకకు దూరంగా మధ్య అరలో పెడతాం. వాడుతున్న పెన్ను గది వేడిలో ఎన్నాళ్లు ఉండొచ్చో పెట్టె మీదే రాసి ఉంటుంది.

లోపల 37 డిగ్రీలు ఉండేలా సెట్ చేయండి, 40 దాటకూడదు. ఫ్రిజ్ తెర మీది అంకె సెన్సర్ ఉన్న చోటిది మాత్రమే. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. బ్లూటూత్ థర్మామీటర్ ఇంకా సుఖం, తలుపు తీయకుండానే ఫోన్‌లో కనిపిస్తుంది.

దారిలో రోజూ

పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి లోపలి డిగ్రీలు, బ్యాటరీ శాతం చూడండి. తలుపు మాటిమాటికీ తీయకుండా మధ్యాహ్నానికి కావలసినవి పొద్దున్నే ఒకేసారి తీసి చిన్న ఐస్ బాక్స్‌లో వేసుకోండి. మా పిల్లల నీళ్ల సీసాలు అందులోకి మార్చాక ఫ్రిజ్ ఖర్చు కళ్లముందే తగ్గింది.

తలుపు రబ్బరు చూసుకోండి. డాలర్ నోటు పెట్టి తలుపు వేసి లాగితే బిగువుగా రావాలి. జారిపోతే అక్కడినుంచి చల్లదనం కారుతోంది. లోపల మంచు పావు అంగుళం పేరుకుంటే కరిగించేయండి, కత్తితో గీకొద్దు.

అయినా ఆగిపోతే

ముందు ఫ్రిజ్ తలుపు తీయకండి. తర్వాత ఈ వరసలో చూడండి. లైటు వెలుగుతోందా? వెలగకపోతే ఫ్యూజ్, ప్లగ్. వెలుగుతూ కోడ్ చూపిస్తుంటే పుస్తకంలో చూడండి. బీడీ35 రకం కంప్రెసర్లకు చిన్న దీపం ఉంటే అది మినుకుమనే లెక్కలోనే జబ్బు చెప్తుంది. ఒకసారి మినుకుమంటే వోల్టేజీ చాలలేదు, రెండైతే ఫ్యాన్ తేడా, మూడైతే కంప్రెసర్ మొదలవలేకపోతోంది, నాలుగైతే చాలినంత వేగంతో తిరగలేకపోతోంది, ఐదైతే ఎలక్ట్రానిక్ బోర్డు వేడెక్కింది. ఐదు వస్తే చేయాల్సింది గాలి ఆడనివ్వడం. ఒకటి వస్తే ఇంజిన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు చూడండి. ఇంజిన్ నడుస్తుంటే బాగుండి, ఆపగానే ఆగిపోతుంటే వైరు దగ్గరికే వెళ్లండి. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, వోల్టేజీ బాగుండి, వెనక గాలి బాగా ఆడుతూ కూడా చల్లబడకపోతే అప్పుడు లోపల చల్లబరిచే గ్యాస్ లీకేమో అనుకోవాలి. అది మెకానిక్ పని.

లోపల 40 దాటి రెండు గంటలయితే పాలు, మాంసం, వండిన అన్నం, కూరలు పారేయండి. బయట 90 దాటిన ఎండలో గంట చాలు. వాసన బాగుందని పిల్లలకు పెట్టొద్దు. గ్యాస్ స్టేషన్‌లో ఐస్ దొరుకుతుంది. డ్రై ఐస్ దొరికినా మూసిన వ్యాన్‌లో పెట్టుకుని పడుకోవద్దు. అది కరగదు, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారి వ్యాన్ నిండా చేరుతుంది, ఊపిరి అందదు.

మా వ్యాన్‌లో ఒక చిన్న సంచిలో మల్టీమీటర్, నాలుగు 15 ఆంపుల ఫ్యూజులు, కొన్ని లగ్గులు, క్రింపర్, ఐదడుగుల 10 గేజ్ వైరు ఎప్పుడూ ఉంటాయి.

అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు

వీటిలో అమోనియా ద్రవం వేడికి పైకి లేచి, తన బరువుకి తానే కిందికి జారుతూ తిరుగుతుంది. అందుకే బండి సమంగా నిలపాలి. ఒక పక్కకు ఒరిగి ఉంటే ద్రవం ఒకచోట నిలిచిపోయి, చల్లబడకపోవడమే కాక కాయిల్ శాశ్వతంగా పాడవుతుంది. చదును చూపే చిన్న మట్టంగోళం ఫ్రిజ్ లోపల పెట్టుకుని, అవసరమైతే చక్రాల కింద దిమ్మెలు వేయండి. చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే వేయాలి. 12 వోల్టుల మీద నడిచేవి ఆగకుండా 10 ఆంపుల పైనే లాగుతాయి. ఆ మీట బండి నడుస్తున్నప్పుడు మాత్రమే, నిలిపాక గ్యాస్‌కి మార్చండి. 5,500 అడుగులు దాటిన ఎత్తులో గ్యాస్ మంట సరిగా నిలవకపోవచ్చు. కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లు 8,000 అడుగుల పైనే ఉంటాయి, అక్కడికి వెళ్లేటప్పుడు కరెంటు ఏర్పాటు చూసుకోండి. గ్యాస్ స్టేషన్‌లోకి వెళ్లే ముందు మంట ఆపేయాలి. ఫ్రిజ్ దగ్గర ఘాటైన అమోనియా వాసన వస్తే వెంటనే ఆపి, తలుపులన్నీ తెరిచి, అందరూ బయటికి వచ్చేయండి.

ఇంటికొచ్చాక

ఖాళీ చేసి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త బేకింగ్ సోడా కలిపి తుడవండి. రబ్బరు మడతల్లో పెరుగు చారలు ఉంటాయి, వేలికి గుడ్డ చుట్టి తీయండి. స్విచ్ ఆపి, ఫ్యూజ్ తీసి పక్కన పెట్టండి. తలుపు మూసి వదిలేస్తే రెండు వారాల్లో బూజు పడుతుంది. చేతి తువ్వాలు ఒకటి చుట్టి తలుపు సందులో పెట్టి, అది మూసుకోకుండా తాడుతో కట్టేయండి.